ఒడంబడికకు క్వారీ చర్చి జవాబు

ఫిబ్రవరి 4

ప్రకటన

బెంచీల మీద కూర్చునే, కునికే, పక్కవాళ్ల పాటల పుస్తకం ఎత్తుకుపోయే సమస్త జనులకు తెలియజేయడమేమనగా: చర్చి తలుపు ఎడమ రెక్క నేటి నుంచి కిర్రుమనదు. మూడో బెంచీలో ఎనిమిదేళ్లుగా బట్టలు చింపిన మేకు పదవీ విరమణ చేసింది. పాత చీపురు పదోన్నతి మీద పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. అభ్యంతరాలుంటే గంట కొట్టేవాడికి, గంట కొట్టేటప్పుడు మాత్రమే చెప్పవలెను.

అక్కా, వందనాలు.

పైది నోటీసు బోర్డుకు అంటించాను. పాస్టరుగారు అరగంటలో చింపేశారు. వృథా పోకూడదని నీకు పంపుతున్నాను. బిషప్పుగారి ఆఫీసులో గుమస్తావి కదా, ఫైలు చేసుకో.

మీ ఆఫీసు నుంచి లావుపాటి కవర్లు రెండు వచ్చాయి. ప్రపంచంలో ఉన్న ఆంగ్లికన్ సంఘాలన్నీ, అంటే ఇంగ్లండు చర్చి నుంచి పుట్టిన మనలాంటివన్నీ, ఒకే సహవాసంగా ఉండేందుకు ఒక ఒడంబడిక చేసుకోవాలట, ఇది ముసాయిదా అట, చదివి ఔనో కాదో చెప్పాలట. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు గంటన్నర చదివారు. దర్జీ పెద్దాయన నిద్రలో ‘ఆమేన్’ అంటే దాన్ని ఒక ఓటు కింద రాసుకున్నారు.

ఏడో తరగతి తప్పినవాడి బుర్రకు ఎక్కింది చెబుతాను, తప్పయితే దిద్దు. మొదటి మూడు భాగాల్లో మనం దేన్ని నమ్ముతాం, ఎలా కలిసి పనిచేస్తాం, ఎలా ఒకరి భారం ఒకరం మోస్తాం అని ఉంది. కొత్తగా చుట్టరికం కలిసినప్పుడు ఇలాంటివే మాట్లాడతారు, ఎవడూ కాదనడు. కారమంతా నాలుగో భాగంలో ఉంది. ఒక సంఘం తనకు తోచిన పని చేస్తానంటే, మిగతావాళ్లు వద్దంటే ఆగాలి. ఆగకపోతే దాన్ని కొంత దూరంలో ఉంచుతారు. వెళ్లగొట్టరు, పక్కన కూర్చోనివ్వరు. ఏడుగురు తోడికోడళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడి రాసుకున్న కాగితంలా ఉంది.

అది సరే. రెండో కవరు మీద క్వారీ చర్చి అని ఉందేమిటి? ముప్ఫై ఒక్క ఏళ్ల కింద కొండచరియ పడి ఏడుగురు రాళ్లు కొట్టేవాళ్లు దాని కిందే ఉండిపోతే, క్వారీ మూసి జనం తలోదిక్కు పోయారు. మిగిలినవి: నా దగ్గరున్న తాళం, తవ్వి తీయలేని ఆ ఏడుగురి పేర చర్చి పక్కన పాతిన ఏడు రాళ్లు, గోడ వెనక మన నాన్న. ఆయనకు రాయి లేదు. జీవితమంతా రాళ్లు కొట్టిన మనిషికి రాయి పెట్టించే పని నీదని నేను, నాదని నువ్వు అనుకుంటూ ఇరవై తొమ్మిదేళ్లు గడిపాం.

ఈ కవరు ఎవరికివ్వాలో చెప్పు. బల్లులకైతే ఇప్పుడే ఇస్తాను.

నీ తమ్ముడు,
రెండు చర్చిల తాళాలు, ఒక్క జీతం గలవాడు


ఫిబ్రవరి 10

తమ్ముడికి వందనాలు.

చీపురు ప్రకటన బావకు చదివి వినిపించాను. ఆయన కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నప్పటి నుంచి ఇంట్లో అందరినీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. ‘మీ తమ్ముడికి వయసు రాదా’ అన్నారు. వచ్చింది గానీ వాడు తలుపు తీయలేదని చెప్పాను.

క్వారీ చర్చికి కవరు రావడం నా తప్పే. సంఘాల రిజిస్టరు ఏటేటా కొత్త పుస్తకంలోకి ఎక్కించేది నేను. ఒక సంఘాన్ని కొట్టేయాలంటే మూసివేత కాగితం మీద పాస్టరు సంతకం కావాలి. అది ఎవరూ పంపలేదు, నేనూ అడగలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆ పేరు దగ్గరకు వచ్చేసరికి కలం ఆగుతుంది, మళ్లీ రాసేస్తాను. కొట్టేస్తే నాన్న ఎక్కడున్నాడని ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి చోటు ఉండదనిపిస్తుంది. ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. కొత్తగా వచ్చిన సెక్రటరీగారు చీమ తప్పు చేసినా వివరణ అడిగే మనిషి.

నువ్వు చేయాల్సింది ఒకటే. కవరు మీద ‘ఎవరూ లేరు’ అని రాసి తిప్పి పంపు. జవాబు చెల్లాలంటే ఏడుగురు సభ్యుల సంతకాలుండాలి. ఖాళీ కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు. కోతిపనులు చేయకు.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

కోతిపనులు చేయకు అని కోతికి ఉత్తరం రాయకూడదు. చేశాను.

ఏడు సంతకాలు కావాలన్నావు. ఏడు అన్న అంకె నీ నోట్లోంచే వచ్చింది, పాపంలో సగం నీది. పేర్లు పుట్టించడానికి బద్ధకమేసి ఆ ఏడు రాళ్ల మీదివే దించాను. ఒకే కలం, ఒకే పూట. మూడు కుడిచేత్తో, మూడు ఎడమచేత్తో, ఒకటి కళ్లు మూసుకుని.

జవాబు పత్రం ఇలా నింపాను. ‘ఒడంబడికకు మా సంఘం పూర్తిగా ఒప్పుకుంటోంది. చర్చ ప్రశాంతంగా జరిగింది. అభ్యంతరం చెప్పినవారు ఒక్కరూ లేరు. మాట వినక లేచి వెళ్లిపోయినవారు ఒక్కరూ లేరు.’ ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే చూపించు.

నవ్వుకుని చింపెయ్యి. నీ బల్ల మీద నవ్వొచ్చే కాగితం ఏడాదికి ఒక్కటైనా పడాలి కదా.

తమ్ముడు


మార్చి 2

ఒరేయ్,

చింపుదామనుకునేసరికి అది నా బల్ల మీద లేదు. ఆ రోజు టపా సెక్రటరీగారే విప్పారు. ‘మారుమూల సంఘమైనా ఎంత శ్రద్ధగా జవాబిచ్చిందో చూడండి’ అని అందరికీ చూపించి ఔనన్నవాళ్ల లెక్కలో వేశారు. నేను నోరు మూసుకున్నాను. అదే మొదటి తప్పు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రెండోది ఎందుకు రాశావు? శుక్రవారం పొద్దున టపా తట్టలో ఉంది. స్టాంపు లేదు. పాత హాజరు పుస్తకంలోంచి చింపిన కాగితం. విప్పితే బల్ల మీద బూడిదరంగు పొడి రాలింది, మూడుసార్లు తుడిచాను. ఇలా రాశావు:

‘మీరు పంపిన ముసాయిదా చదివించుకున్నాము. మొదటి మూడు భాగాలతో మాకు ఇబ్బంది లేదు. నాలుగో భాగంలో, మాట వినని సంఘాన్ని కొంత దూరంలో ఉంచుతామని ఉంది. ఎంత దూరమో రాయలేదు. ఇప్పుడు మేమున్న దూరం కంటే ఎక్కువా, తక్కువా? ఒకరి భారం ఒకరు మోస్తామని కూడా ఉంది. మా మీద భారం చాలా ఉంది. మేము ఒప్పుకున్నామని రాసినవారు మమ్మల్ని అడగలేదు. అయినా ఒప్పుకుంటాము. చనిపోయినవాళ్లు సహవాసంలో లెక్కకు వస్తారా, రారా, ఆ ఒక్క మాట రాసి పంపండి.’

కింద అవే ఏడు పేర్లు. ఈసారి కష్టపడ్డావు, ఏడూ ఏడు చేతిరాతలు. బాగా రాశావని ఒప్పుకుంటాను, చదివాక కాసేపు కిటికీ దగ్గర నిలబడాల్సి వచ్చింది. కానీ ఇక చాలు. నా ఉద్యోగంతో ఆడుకోకు.

అక్క


మార్చి 9

అక్కా,

తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. మన ఇంట్లోనే ఉందనుకోలేదు.

చిన్నప్పుడు నీ జడకు గంట తాడు కట్టినందుకు నలభై ఏళ్లు ఆగి పగ తీర్చుకున్నావన్నమాట. ‘ఎంత దూరమో రాయలేదు’ అన్నచోట నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. నువ్వే రాసి, నువ్వే అందుకుని, నన్నే తిట్టడం, ఇంత తెలివి ఆఫీసులో ఎందుకు తగలేస్తున్నావు?

ఒక్కటే బాధ. ఇంతదూరం వచ్చి నా ఇంటి గుమ్మం తొక్కకుండా పోయావు. ఎలా తెలిసిందంటావా? నీ ఉత్తరం చదివి మంగళవారం మధ్యాహ్నం క్వారీ చర్చికి వెళ్లాను. తాళం నేను వేసినట్టే ఉంది. లోపల దుమ్ము వేలు లోతు. బెంచీల మీద మాత్రం ఏడుచోట్ల దుమ్ము లేదు. మనిషి కూర్చునేంత మేర, ఏడుచోట్ల, ఎవరో కూర్చుని లేచినట్టు నున్నగా ఉంది. నేల మీద నా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. అదెలా చేశావో చెప్పు, నేర్చుకుంటాను. హాజరు పుస్తకంలో ఒక పేజీ చింపి ఉంది. పాత తాళంచెవి అమ్మ పెట్టెలో ఉండేది, అది నీ దగ్గరే ఉంటుంది.

ఎండ మండిపోతోంది, లోపల మాత్రం ఊపిరి పొగలా కనిపించింది. గోడలు మందం కదా. ఎక్కువసేపు ఉండలేదు. పనులున్నాయి.

వచ్చి ఒక పూట ఉండి పోతే నీ మరదలు సంతోషించేది.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడూ,

నేను రాలేదు. అమ్మ పెట్టెలో తాళంచెవి లేదు, దాన్ని నాన్నతోపాటే సమాధిలో పెట్టాం, మరిచిపోయావా. నా మోకాలు బస్సు మెట్టు ఎక్కే స్థితిలో లేదు. నమ్మకపోతే బావను అడుగు, ఆయన ఇప్పుడు అన్నీ చూస్తున్నారు.

నవ్వించడానికి రాయడం లేదు. మూడోది వచ్చింది. అదే తట్ట, అదే కాగితం, అదే పొడి. రెండే వాక్యాలు:

‘మేము ఎనిమిదిమందిమి. రాయి లేదు కాబట్టి మొదటి కాగితంలో ఈయన్ని వదిలేశారు.’

ఏడు సంతకాలు, ఎనిమిదోది వేలిముద్ర. ఎడమచేతి బొటనవేలు. అడ్డంగా గీత, పైభాగం ఒక పక్కకు జరిగి అతుక్కున్నట్టు. నాన్న వేలు ఉలి కింద పడి అలా అతుక్కుంది. నన్ను బడిలో చేర్చినప్పుడు ఆయన వేసిన ముద్ర కాగితం నా దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి బావ భూతద్దంతో చూశాను. ఒక్క గీత తేడా లేదు. ఇంక చూడకూడదనుకుని మూసేశాను.

ఇది నువ్వు చేసి ఉంటే మనిషివి కావు. నువ్వు చేయకపోతే, ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

ఇంకొక సంగతి. మీ పాస్టరుగారు ఏదో మీటింగులో క్వారీ చర్చి మూతపడి ముప్ఫై ఏళ్లయిందని అన్నారట. సెక్రటరీగారు నన్ను పిలిచారు. ‘లేని సంఘాన్ని రిజిస్టరులో ఉంచింది మీరు. స్టాంపు లేని ఉత్తరాలు మీ తట్టలోనే దొరుకుతున్నాయి. ఎవరు రాశారమ్మా?’ అన్నారు. గట్టిగా అనలేదు, అదే భయంగా ఉంది. 28న విచారణ. రాసినవాళ్లు తేలకపోతే రాసింది నేనే అవుతాను. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం, పైగా ప్రపంచ సంఘాల జవాబుల్లో దొంగ సంతకాలు పెట్టినదాన్నన్న పేరు.

నిజం చెప్పు తమ్ముడూ. జీవితంలో ఒక్కసారి.

అక్క


మార్చి 24

అక్కా,

దొరికిపోయాను. మూడూ నేనే.

రెండో ఉత్తరానికి ఏడు చేతిరాతల కోసం ఏడు రోజులు పట్టింది. పొడి క్వారీ నుంచి పిడికెడు తెచ్చిందే. స్టాంపు ఎందుకు లేదంటే మీ వీధిలో ఆగే బస్సు డ్రైవరు నాకు దోస్తు, పొద్దున్నే వచ్చి మీ టపా తట్టలో పడేసి పోయేవాడు. బెంచీల కథ, చలి కథ నిన్ను బెదిరించడానికి అల్లాను. వేలిముద్రకు కొవ్వొత్తి మైనంతో బొటనవేలు పోశాను. నాన్న వేలి గీత నాకూ గుర్తుంది, మేకుతో గీసి సిరాలో ముంచి వేశాను. నువ్వు భూతద్దం పెట్టి చూసినా పట్టుకోలేదంటే నేను ఈ ఊళ్లో గంట కొడుతూ ఉండాల్సినవాణ్ణి కాదు.

ఇదంతా వాంగ్మూలంగా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సెక్రటరీగారికి వేరే కవరులో పంపాను. సాక్షులు బతికున్నవాళ్లే, ముందే చెబుతున్నాను. 28న నేనే వస్తాను. నువ్వు ఏమీ మాట్లాడకు. రిజిస్టరు సంగతి కూడా నా మీదే వేసుకున్నాను. చర్చి నడుస్తోందని ఏటేటా నేనే మా అక్కకు అబద్ధం రాశానని చెప్పాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అనేది. ఇప్పుడు కడుగుతున్నాను.

తమ్ముడు


ఏప్రిల్ 3

తమ్ముడూ,

విచారణ గదిలో నిన్ను చూసి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. బస్సుకు ఆలస్యమవుతుందని మాట్లాడకుండానే పారిపోయావు, అందుకే రాస్తున్నాను.

‘ఆ మైనపు వేలు ఏది?’ అని సెక్రటరీగారు అడిగితే ‘చీకటిగా ఉంటే వెలిగించేశానండి’ అన్నావు. పక్కనున్న ముసలి ఆర్చిడీకన్‌గారు, బిషప్పుగారి తరువాత పెద్ద ఆయనే, నవ్వు దాచుకోవడానికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అంత గంభీరమైన గదిలో నువ్వు ఒక్కడివే చేతులు కట్టుకుని నిలబడి, అన్నీ ఒప్పుకుంటుంటే, నాన్న బడికి వచ్చి నిలబడినట్టే ఉన్నావు.

నాకు హెచ్చరికతో సరిపెట్టారు. నీ తాళాలు లాగేసుకున్నారని మరదలు రాసింది. వచ్చే నెల నుంచి జీతం కూడా లేదట. ఆ మాట నువ్వు రాయలేదు. నిన్ను క్షమించడానికి ఇంకా టైము పడుతుంది, కానీ ఆ పని మొదలుపెట్టాను.

నిన్న రిజిస్టరులో క్వారీ చర్చి పేరు మీద గీత గీశాను. సెక్రటరీగారు పక్కనే నిలబడ్డారు. ఈసారి కలం ఆగలేదు. సోమవారం ఆ మూడు ఉత్తరాలూ నా చేత్తోనే పొయ్యిలో వేయాలి, బూడిద అయ్యాక ఒడంబడిక ఫైలు మూసేయాలి.

నీకొక మాట చెప్పాలి. రెండు వారాల పాటు నాన్న ఏదో అడుగుతున్నాడని నిజంగా నమ్మాను. టపా తట్ట దగ్గరకు వెళ్లడానికి భయమేసేది, వెళ్లకుండా ఉండలేకపోయేదాన్ని. అది నీ మైనం అని తెలిశాక హాయిగా పడుకున్నాను. పొద్దున లేచాక ఎందుకో ఏడుపొచ్చింది. బావ చూశారు.

వేసవిలో ఇద్దరూ రండి.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

ఈ ఉత్తరం శనివారానికి నీకు అందాలి. అందుకే సొంతంగా స్టాంపు కొని, పోస్టు డబ్బాలో వేసి, లోపలికి పడిందో లేదో చెయ్యి పెట్టి చూశాను.

జీతం గురించి బెంగపడకు. ఇటుకబట్టీ మేస్త్రీ పని ఇస్తానన్నాడు. అక్కడ నోరున్నవాడు కావాలట.

సోమవారం ఆ కాగితాలు పొయ్యిలో వేయకు. మొదటిది వేసుకో, అది నాదే, దానికి అంతకంటే మంచి చోటు లేదు. మిగతా రెండూ ఎక్కడైనా దాచు. సెక్రటరీగారికి బూడిద కావాలంటే బావ పాత పత్రికలు కాల్చి చూపించు, బూడిదకు పేర్లుండవు.

తాళాలు అప్పగించే ముందు చివరిసారి క్వారీ చర్చికి వెళ్లాను. పట్టపగలు, పదకొండు గంటలు, గాలి లేదు. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాను. బెంచీల మీద నున్నటి చోట్లు ఎనిమిదయ్యాయి. నేను రాసిన ఉత్తరంలో అది అల్లిన కథ అన్నాను కదా, అందుకే తప్పు రాకుండా రెండుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిదోది చివర్లో, గోడవైపు, గంట తాడు అందేచోట. నాకు పారిపోవాలనిపించలేదు. అదే నాకు అన్నింటికంటే భయం వేసిన సంగతి. కాసేపు ఆగితే మాట వినిపిస్తుందేమోనన్నట్టు నిలబడ్డాను. తరువాత తలుపు మూసి తాళం వేశాను.

వాళ్లు అడిగింది చిన్న మాట. లెక్కకు వస్తారా, రారా. బిషప్పులూ సెక్రటరీలూ ప్రపంచమంతా ఉత్తరాలు తిప్పి ఎవరిని దగ్గర ఉంచాలో, ఎవరిని దూరం ఉంచాలో తేల్చుకుంటున్నారు. ఈ ఎనిమిదిమంది మాత్రం దూరంగా ఉండి కూడా ఒప్పుకుంటామంటున్నారు. నాకు చదువు లేదు, జవాబు రాయడం నా వల్ల కాదు. నీ అక్షరం బాగుంటుంది. రెండు ముక్కలు రాసి ఆ తట్టలో పెట్టు. ఏం రాయాలో నీకు తెలుసు, పంతొమ్మిదేళ్లుగా ఏటేటా రాస్తూనే ఉన్నావు.

నిన్ను మళ్లీ ఏడిపిస్తానని తెలుసు. నీ ఉద్యోగం నిలవాలంటే దొంగ ఒకడు కావాలి, ఆ వేషం నాకు బాగా నప్పుతుంది, వేశాను. సెక్రటరీగారి దగ్గర ఆ వాంగ్మూలం అలాగే ఉండనీ. బస్సు డ్రైవరు నిజంగానే దోస్తు, కానీ వాడు నా దగ్గర ఏ ఉత్తరమూ తీసుకెళ్లలేదు.

కొవ్వొత్తి కూడా ప్రయత్నించాను అక్కా, విచారణలో చేసి చూపించమంటే ఎలాగని. నాలుగు కొవ్వొత్తులు కరిగించాను. మైనం మీద పడింది నా వేలి గీతలే. నాన్నవి ఎక్కడి నుంచి తెస్తాను? ఆ మైనపు బొటనవేలు ఎప్పుడూ లేదు, పూర్తిగా నేను కల్పించింది.

నీ తమ్ముడు